మన లిబరేటరులు, పరుల రంగులు

మన దేశపు పాత యుద్ధవిమానములు విదేశీ ప్రదర్శనశాలలకు తరలిపోవుట నష్టమని కొందరు మిత్రులు వాదింతురు. మేము ఏకీభవింపజాలము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు వైమానిక దళమువారు అమెరికా అరువిచ్చిన లిబరేటరు బాంబరులను కాన్పూరులో విడిచి, మరల ఎగురకుండునట్లు పాడుచేసి పోయిరి. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివారు ఆ తుక్కులోనుండియే సుమారు 40 విమానములను బ్రతికించిరి. 1948లో వాటితో మన అయిదవ స్క్వాడ్రను ఏర్పడెను. 1968 వరకు అవి సేవ చేసినవి. అప్పటికి మరి యే దేశపు సైన్యమునను లిబరేటరులు లేవు. 18 వేలకు పైగా తయారైన విమానములను తక్కినవారు చాలవరకు కరగించుకొని, ప్రదర్శనకు ఒకటి కావలసినప్పుడు మన వాకిటికి వచ్చిరి! 1968లో కెనడాకు, 1969లో అమెరికాలోని అరిజోనాకు, 1974లో బ్రిటనులోని ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియమునకు మననుండియే వెళ్ళినవి. పంపుట ఔదార్యమే. ఎండవానలకు త్రుప్పుపట్టుటకన్న పరదేశమున నీడ మేలు కదా.

మా ఆక్షేపణ రంగును గురించి. కెనడాలోనున్న దానికి కెనడా దళపు రంగులే పూసిరి. ఇరువదేండ్ల భారతీయ జీవితము ఆ పూతక్రింద మరుగుపడినది. దానిని బ్రతికించిన చేతుల కథ ప్రక్కనున్న పలకపైనైనను వివరముగా వ్రాయవలెనని అడుగుట మన హక్కు.

అడుగుటకు ముందు మనము చూడవలదా? పాలములోని వైమానిక దళ ప్రదర్శనశాలలో ఒక లిబరేటరు మనకును మిగిలియున్నది. మన విద్యార్థులు ఢిల్లీ యాత్రలో కుతుబ్‌మీనారు, ఎర్రకోట చూచి మరలివత్తురు. రాబోవు యాత్రలో ఒక పూట పాలమునకు కేటాయింపవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.