ఫోన్‌లో జాగాకూ కిరాయే! కార్డు స్లాట్ పోయింది, ఏజెన్సీకి సిగ్నల్ మాత్రం పూర్తిగా రాలేదు

భద్రాచలం ఏజెన్సీలో ఇప్పుడు సర్కారు పని ఏదైనా ఫోన్ మీదుగానే నడుస్తోంది. ఉపాధి కూలీల హాజరు ఫోన్‌లోనే. అంగన్‌వాడీలో పిల్లల బరువు, బాలింతలకు ఇచ్చే సరుకు లెక్క ఫోన్‌లోనే. 2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో పునాది లేచిందా, స్లాబ్ పడిందా అన్నది కూడా ఫోన్‌లో తీసిన ఫొటోతోనే తేలుతుంది. ఫొటో ఎక్కితేనే తర్వాతి విడత డబ్బు.

ఇంత బరువు మోస్తున్న ఫోన్ మాత్రం పొద్దున లేస్తే ఒకటే మాట చెబుతోంది: ‘స్టోరేజ్ ఫుల్’.

దీన్ని వాడేవాళ్ల తప్పుగా తీసిపారేయడం అందరికీ అలవాటైంది. ‘గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసేయండి, వీడియోలు డిలీట్ చేయండి’ అని సలహా ఇస్తారు. అందులో నిజం లేకపోలేదు. మన దేశంలో ప్రతి ముగ్గురు స్మార్ట్‌ఫోన్ వినియోగదారుల్లో ఒకరికి రోజూ స్టోరేజ్ నిండిపోతోందని, అందులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల వాటా పెద్దదని 2018 జనవరిలోనే వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. కానీ అసలు సంగతి అంతటితో అయిపోదు. ఫోన్ కంపెనీలు మెమరీ కార్డు స్లాట్ తీసేస్తున్నాయి. ఆ ఖాళీలోకి టెలికాం కంపెనీలు క్లౌడ్ పట్టుకుని వస్తున్నాయి. ఈ రెండూ సిగ్నల్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మీద నడిచేవే. ఖమ్మం టౌన్‌లో ఆ నమ్మకం చెల్లుతుంది. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఆనుకున్న గూడేల్లో చెల్లదు.

ఆఫ్‌లైన్ అంటే అర్థం ఏంటి?

ఉపాధి హామీ పనుల్లో హాజరు కోసం కేంద్రం 2021 మే నెలలో ఎన్ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత పనులు తప్ప మిగతా అన్ని చోట్లా దాన్ని తప్పనిసరి చేసింది. మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలి. ఆ ఫొటో మీద టైమ్, స్థలం పడాలి. నెట్‌వర్క్ లేని చోట్ల ఎలా అని పార్లమెంటులో అడిగితే, ఆఫ్‌లైన్‌లో తీసి సిగ్నల్ వచ్చాక అప్‌లోడ్ చేయొచ్చు అన్నది కేంద్రం జవాబు. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అది కూడా డిజిటల్ పర్యవేక్షణను పెంచేదే తప్ప తగ్గించేది కాదు.

ఆఫ్‌లైన్ అన్న మాట వినడానికి బాగుంది. కానీ సిగ్నల్ దొరికేదాకా ఆ ఫొటోలు ఉండేది ఎక్కడ? ఫోన్‌లోనే. అంటే నెట్‌వర్క్ ఎంత తక్కువ ఉంటే ఫోన్‌లో అంత ఎక్కువ జాగా కావాలి. పట్నంలో ఫొటో తీసిన నిమిషానికే వెళ్లిపోతుంది. గూడెంలో అది సాయంత్రం దాకా, ఒక్కోసారి సంత రోజు దాకా ఫోన్‌లోనే కూర్చుంటుంది. ఫోన్ నిండిపోయి, తెలిసినవాళ్లు చెప్పారని యాప్ డేటా క్లియర్ చేస్తే, ఇంకా పంపని హాజరు కూడా దాంతో పాటే పోయే ప్రమాదం ఉంది. అప్పుడు పోయేది ఫొటో ఒక్కటే కాదు, కూలీ రోజు కూలి.

అంగన్‌వాడీల సంగతి కూడా ఇంతే. పోషణ్ ట్రాకర్ 2021 మార్చి 1న వచ్చింది. ఇంటికి ఇచ్చే పోషకాహారానికి 2025 జూలై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ బరువు పెరుగుతుంది. ఫోన్ మాత్రం పాతదే. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ టీచర్లు సర్కారు ఇచ్చిన 2 జీబీ ర్యామ్ ఫోన్లను మూకుమ్మడిగా వెనక్కి ఇచ్చేశారు. వాళ్లు కోపం చూపింది టెక్నాలజీ మీద కాదు. పని మోయలేని ఫోన్ చేతికిచ్చి పని కాలేదంటే ఎలా అన్నదే వాళ్ల ప్రశ్న.

కార్డా? రెండో సిమ్మా?

భద్రాచలం ఊరు దాటితే ఒక పక్క ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. ఇంకో పక్క దుమ్ముగూడెం, అది తెలంగాణ. దాని వెనక అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇటు మణుగూరు, పాల్వంచ, సారపాక లాంటి చోట్ల కంపెనీలు, గనులు ఉన్నాయి కాబట్టి టవర్లకు కొదవ లేదు. లోపలికి పోయేకొద్దీ ఒక ఊళ్లో ఒక కంపెనీ, ఇంకో ఊళ్లో ఇంకో కంపెనీ సిగ్నలే పట్టుకుంటుంది. అందుకే ఈ వైపు తిరిగేవాళ్లకు రెండు సిమ్‌లు షోకు కాదు, అవసరం.

ఇక్కడే చిక్కు. చాలా ఫోన్లలో ‘హైబ్రిడ్ స్లాట్’ ఉంటుంది. అంటే రెండో సిమ్ పెట్టాలి, లేదా మెమరీ కార్డు పెట్టాలి. రెండూ కుదరవు. సిమ్ పెడితే జాగా లేదు, కార్డు పెడితే సిగ్నల్ లేదు. పట్నంలో ఇది చిన్న అసౌకర్యం. అడవి అంచున ఇది రోజువారీ తలనొప్పి. ఆ హైబ్రిడ్ స్లాట్ కూడా ఇప్పుడు తగ్గిపోతోంది. శాంసంగ్ 2015లో గెలాక్సీ ఎస్6లో కార్డు స్లాట్ తీసేసింది. జనం గొడవ చేస్తే మరుసటి ఏడాది ఎస్7లో మళ్లీ పెట్టింది. 2021లో ఎస్21తో మళ్లీ తీసేసింది, ఇక తిరిగి పెట్టలేదు. 2025లో మధ్యతరగతి కొనే ఎ36, ఎ56 మోడళ్లలో కూడా స్లాట్ లేదు. తక్కువ ధర ఫోన్లలో ఇంకా స్లాట్ దొరుకుతోంది గానీ, వాటిలో ర్యామ్, ప్రాసెసర్ బలహీనం. సర్కారు యాప్‌లు తెరిస్తే ఆగిపోయేవి ఎక్కువగా అలాంటి ఫోన్లే.

కంపెనీలు చెప్పే కారణాలు కొన్ని నిజమే. లోపలి మెమరీ కార్డు కంటే చాలా వేగం. నాసిరకం కార్డులు పెట్టి ఫోన్ స్లో అయిందని కంపెనీని తిట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్లు పోకుండా ఫోన్ మూయడం కూడా తేలిక. కానీ చెప్పని కారణం ఇంకొకటి ఉంది. స్లాట్ లేకపోతే 128 జీబీ ఫోన్‌కు, 256 జీబీ ఫోన్‌కు మధ్య వేల రూపాయల తేడా వసూలు చేయొచ్చు. పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు పెరిగి ఫోన్ల రేట్లకూ ఆ సెగ తగిలింది. ఎక్కువ స్టోరేజ్ ఉన్న ఫోన్ కొనుక్కోమని చెప్పడం ఇప్పుడు మరీ ఖరీదైన సలహా.

సిమ్ కంపెనీలకు దీంతో ఏం పని?

అమెరికాలో చాలా కాలం ఏ ఫోన్ ఎవరికి దక్కాలో టెలికాం కంపెనీలే తేల్చేవి. రెండేళ్ల ఒప్పందం మీద ఫోన్ తక్కువకు ఇచ్చి, సిమ్‌కు తాళం వేసి, తమ యాప్‌లు ముందే నింపి అమ్మేవి. 2007లో వచ్చిన ఐఫోన్ 2011 ఫిబ్రవరి దాకా అక్కడ ఏటీ అండ్ టీ దగ్గర తప్ప దొరకలేదు. ముందే నింపిన యాప్‌లు, సాఫ్ట్‌వేర్ ఎంత జాగా తింటాయో 2013లో బ్రిటన్‌లో బయటపడింది. 16 జీబీ అని అమ్మిన గెలాక్సీ ఎస్4లో కొన్నవాళ్లకు మిగిలింది దాదాపు సగమే.

మన దేశంలో ఎక్కువ మంది ఫోన్ బజారులో కొంటారు, సిమ్ వేరుగా తీసుకుంటారు. అయినా ఆ పద్ధతి మనకు కొత్త కాదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలు కట్టించుకుని తన నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేసే సీడీఎంఏ ఫోన్లు ఇచ్చింది. 2017లో జియోఫోన్ వచ్చింది, అది జియో సిమ్‌తోనే నడిచేది. 2021 నవంబరులో గూగుల్‌తో కలిసి 6,499 రూపాయలకు తెచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌లో కూడా డేటా జియోతోనే. ఈ ఫోన్లలో మెమరీ కార్డు పెట్టుకునే వీలు ఉంది. తాళం పడింది సిమ్ దగ్గర. జియో టవర్ అందని గూడెంలో అలాంటి ఫోన్ పాటల పెట్టెగా తప్ప పనికిరాదు.

ఇప్పుడు ఆ పట్టు ఫోన్ మీద కంటే ప్లాన్ మీద ఎక్కువ. జియో రాకముందు ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లెందు మొబైల్ దుకాణాల్లో డౌన్‌లోడింగ్ పెద్ద వ్యాపారం. పది, ఇరవై రూపాయలకు కార్డు నిండా సినిమా పాటలు, భజనలు, నాత్‌లు, బయాన్లు ఎక్కించి ఇచ్చేవాళ్లు. కాపీరైట్ సంగతి పక్కన పెడితే, ఒకసారి ఎక్కించుకుంటే టవర్‌తో పని లేదు. 2016 సెప్టెంబర్ 5 తర్వాత డేటా చవకై, ఆ దుకాణాల గిరాకీ పడిపోయింది. దాచుకోవడం పోయి రోజూ నెట్‌లో చూడటం అలవాటైంది. పల్లెకు ఇది మేలు చేసింది, కాదనలేం. కానీ అలవాటు పడ్డాక రేటు పెరిగింది. 2024 జూలైలో జియో రోజుకు 1.5 జీబీ ప్లాన్ 239 నుంచి 299 రూపాయలకు చేరింది. ఎయిర్‌టెల్‌దీ అదే దారి.

కిరాయి లెక్క

స్టోరేజ్ నిండిందా, క్లౌడ్‌లో పెట్టుకోండి అంటున్నారు. గూగుల్ 2021 జూన్ 1న ఉచిత అపరిమిత ఫొటోల సౌకర్యం ఆపేసి 15 జీబీ హద్దు పెట్టింది. 2024 నుంచి వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోనే లెక్క. ఆ వెంటనే టెలికాం కంపెనీలు రంగంలోకి దిగాయి. జియో తన క్లౌడ్ ఉచితమంది. 2025 మేలో ఎయిర్‌టెల్ పోస్ట్‌పెయిడ్, వైఫై కస్టమర్లకు 100 జీబీ గూగుల్ వన్ ఆరు నెలలు ఉచితం, తర్వాత నెలకు 125 రూపాయలు అంది. 2025 అక్టోబర్ చివర జియో, గూగుల్ కలిసి 18 నెలల జెమిని ప్రోతో పాటు 2 టీబీ స్టోరేజ్ ప్రకటించాయి. అది అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ ఉన్నవాళ్లకే. ఏజెన్సీలో 4జీయే సరిగా అందని ఊళ్లకు ఆ ఆఫర్‌తో పనేంటి?

నెలకు 125 రూపాయలు చిన్న మొత్తంలా కనిపిస్తుంది. ఏడాదికి 1,500. ఫోన్ మూడేళ్లు వాడితే 4,500. మెమరీ కార్డు అయితే ఒక్కసారి కొంటే సొంతం. క్లౌడ్‌లో కిరాయి ఆపితే జాగా నిండిపోతుంది, కొత్తగా ఏదీ ఎక్కదు.

డబ్బు కంటే పెద్ద సమస్య టైమ్. ఫోన్‌లో 40 జీబీ ఫొటోలు, వీడియోలు ఉన్నాయనుకుందాం. సెకనుకు 1 మెగాబిట్ అప్‌లోడ్ వేగం దొరికితే అవన్నీ క్లౌడ్‌లోకి ఎక్కడానికి దాదాపు 89 గంటలు, అంటే మూడున్నర రోజులకు పైనే. అది కూడా కరెంటు పోకుండా, సిగ్నల్ తెగకుండా ఉంటే. రోజుకు 1.5 జీబీ కోటాలోనే పంపాలంటే 27 రోజులు పడుతుంది, అప్పటికి ప్లాన్ గడువే ముగుస్తుంది.

ఇంకో అన్యాయం ఉంది. రోజు కోటా అర్ధరాత్రికి మురిగిపోతుంది. గూడెంలో ఆరు రోజులు సిగ్నల్ లేక వాడని 9 జీబీ, సంత రోజు రోడ్డు మీదికి వచ్చాక పనికిరాదు. ఆ రోజు 1.5 జీబీయే. 28 రోజుల ప్లాన్ కాబట్టి ఏడాదికి 13 రీఛార్జీలు, 3,887 రూపాయలు. ఖమ్మంలో కాలేజీ కుర్రాడు కట్టేదీ అంతే, గూడెంలో మేట్ కట్టేదీ అంతే. దక్కే డేటా మాత్రం ఒకటి కాదు.

టవర్లు రావా?

వస్తున్నాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్రం 2022 ఏప్రిల్‌లో 2,426 కోట్లు మంజూరు చేసింది. అదే ఏడాది జూలైలో దేశంలో సిగ్నల్ లేని 24,680 గ్రామాల కోసం 26,316 కోట్లతో ఇంకో పథకం. రెండూ బీఎస్ఎన్ఎల్ చేతిలోనే. 2025 సెప్టెంబర్ 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని ప్రారంభించారు. కానీ అడవిలో టవర్ నిలబెట్టడం ఒక ఎత్తు, కరెంటు, డీజిల్, కేబుల్ ఆగకుండా నడపడం ఇంకో ఎత్తు. ఈ పని పూర్తయ్యేదాకా ఫోన్‌లో ఉన్న జాగాయే గూడేనికి ఆసరా.

ఏం చేయొచ్చు?

మొదటిది, సర్కారు కొనే ఫోన్ల టెండర్లలో రెండు సిమ్‌లకూ కార్డుకూ విడివిడి స్లాట్‌లు తప్పనిసరి అని రాయాలి. లక్షల ఫోన్లు కొనేవాడు అడిగితే కంపెనీలు తయారు చేయకపోవు. రెండోది, యాప్‌లను మార్చాలి. పంపని ఫొటోలను కార్డులో దాచుకునే వీలుండాలి, పంపినవి వాటంతటవే ఖాళీ కావాలి. మూడోది, సిగ్నల్ లేని గ్రామాల జాబితా సర్కారు దగ్గరే ఉంది. ఆ ఊళ్లలో కాగితం మస్టర్‌కు కూడా విలువ ఇవ్వాలి. ఫోన్ నిండిందని కూలి ఆగకూడదు.

నాలుగోది ట్రాయ్ పని. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్లాన్ వేరుగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశిస్తే కంపెనీలు దారికొచ్చాయి. వాడని డేటాను వారాంతానికి జమ చేసే పద్ధతి వొడాఫోన్ ఐడియా కొన్ని ప్లాన్లలో ఎప్పటి నుంచో నడుపుతోంది. అంటే అది కుదరని పని కాదు. కనీసం ఏజెన్సీ మండలాలకైనా దాన్ని అన్ని కంపెనీలకూ తప్పనిసరి చేయాలి.

ఇక కొనేవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. దుకాణంలో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడిగే ముందు సిమ్ ట్రే బయటికి తీయించి చూడాలి. మూడు గళ్లు ఉన్నాయా, రెండేనా? ఖమ్మంలో ఉండేవాళ్లకు రెండు చాలు. చర్ల రోడ్డు దాటి లోపలికి పోయేవాళ్లకు మూడో గడి లేకపోతే, జాగా కోసం నెల నెలా కిరాయి కట్టక తప్పదు. ఆ కిరాయి ఇల్లు కూడా సిగ్నల్ ఉన్న రోజే తలుపు తీస్తుంది.