వీడర్‌కు పెద్ద కార్బురేటర్ ఎందుకు? ఉన్నదాన్నే కడగండి

మా శేరిగూడ వైపు కలుపు మందు వదిలేసిన మాలాంటి రైతులకు పవర్ వీడరే చెయ్యి. అది గుంజకపోతే "పెద్ద కార్బురేటర్ వేయించు" అంటున్నారు. అమెరికాలో పాత ఫోర్డ్ 300 ట్రక్కులకు అలా మార్చే వీడియోలు చూసి అడిగేవాళ్లూ ఉన్నారు. నా మాట: డబ్బు దండగ.

1965 నుంచి 1996 దాకా వచ్చిన ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ 4.9 లీటర్లది. స్పీడు పెరిగినకొద్దీ ఎక్కువ గాలి పీలుస్తుంది. మన వీడర్ స్పీడును గవర్నర్ పట్టి ఉంచుతుంది. కార్బురేటర్ గొంతు పెద్దదైతే గాలి వేగం తగ్గి, పెట్రోలు సన్నటి తుంపరగా మారదు. నేల గట్టిగా తగలగానే ఇంజన్ ఆగుతుంది.

మనకు అసలు తంటా నిల్వ పెట్రోలుతోనే. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపి పోస్తున్నారు. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి వదిలేస్తే గిన్నెలో జిగురు పట్టి జెట్ మూసుకుపోతుంది.

ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి. జెట్‌ను గాలితో ఊదండి, తీగతో పొడవకండి. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ప్లగ్ మీద నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని గుర్తు. సీజన్ అయ్యాక పెట్రోలు కాక్ మూసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపండి, గిన్నె ఖాళీ అవుతుంది.

బయట కొనేది తగ్గాలనే కదా జీవామృతం ఇంట్లో కలుపుకుంటున్నాం! ఇంజన్‌కూ అదే లెక్క. విప్పి కడిగే తీరు కింది వీడియోలో చూడండి.