గ్రూపు కలిస్తే చాలదు

రక్తం ఎక్కించాలనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట 'ఏ గ్రూపు?' అని. గ్రూపు కలిసిన దాత దొరికితే గండం గడిచినట్టే అనుకుంటాం. ప్రమాదంలో గాయపడి ఒకటి రెండు యూనిట్లు ఎక్కించుకున్నవారి విషయంలో చాలావరకు అది నిజమే. తలసీమియా పిల్లల సంగతి వేరు. 2 నుంచి 4 వారాలకోసారి, బతికినన్నాళ్లూ వాళ్లకు ఎవరో ఒకరి రక్తం ఎక్కుతూనే ఉండాలి.

ఎర్రకణం మీద ఏ, బీ, ఆర్‌హెచ్ డీ అనే గుర్తులు (యాంటీజెన్లు) మాత్రమే ఉండవు. కెల్, డఫీ, కిడ్ వంటివి కలిపి 40కి పైగా రక్తవర్గ వ్యవస్థలు ఉన్నాయి. ఒంట్లో లేని యాంటీజెన్ దాత రక్తంతో వస్తే మన రక్షణ వ్యవస్థ దాని మీద యాంటీబాడీలు తయారుచేయవచ్చు. అందరూ చేయరు. ఏళ్ల తరబడి ఎక్కించుకున్నా ఒక బిడ్డకు ఏమీ కాదు, ఇంకో బిడ్డకు కొద్ది సార్లకే మొదలవుతుంది.

ఈ తేడాలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులకు వాటా ఉంది. రక్షణ కణాలు దాత కణాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను హెచ్‌ఎల్‌ఏ అణువులో ఇమిడ్చి టీ కణాలకు చూపిస్తాయి. ముక్క అందులో ఇమిడితేనే అది పరాయిదని గుర్తించే అవకాశం. కెల్‌లో పెద్ద కే, చిన్న కేల మధ్య ఉన్నది ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా. ఆ కాస్త తేడా కొందరి హెచ్‌ఎల్‌ఏకు చిక్కుతుంది, కొందరికి చిక్కదు. డఫీ-ఏ మీద యాంటీబాడీ చేసిన రోగుల్లో డీఆర్‌బీ1*04 అనే హెచ్‌ఎల్‌ఏ రూపం ఎక్కువగా ఉన్నట్టు యూరప్ అధ్యయనాల్లో తేలింది.

అయినా ఇదంతా మొగ్గు మాత్రమే. రక్తం ఎక్కించే సమయంలో ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉండటం కూడా ప్రభావం చూపుతుంది. ఫలానా బిడ్డకు యాంటీబాడీలు వస్తాయో రావో ముందే చెప్పే పరీక్ష ఆస్పత్రుల్లో లేదు. కాబట్టి ప్రతి బిడ్డకూ రావచ్చనే అనుకుని జాగ్రత్తపడాలి.

వచ్చాక ఏమవుతుందో చూడండి. కొన్ని యాంటీబాడీలు, ముఖ్యంగా కిడ్‌వి, కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి. ఊరు మారి వేరే ఆస్పత్రికి వెళ్తే క్రాస్‌మ్యాచ్ బాగానే ఉందంటారు, రక్తం ఎక్కిస్తారు. రక్షణ వ్యవస్థలోని పాత జ్ఞాపకం మేల్కొంటుంది. వారం తిరిగేసరికి కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లటి టీ రంగులో వస్తుంది, పెరగాల్సిన హిమోగ్లోబిన్ పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు.

అందుకే మొదటి యూనిట్ ఎక్కకముందే ఆర్‌హెచ్‌లోని సీ, ఈ రకాలకూ, కెల్‌కూ టైపింగ్ చేసి, వీలైనంత వరకు వాటితో కలిసిన రక్తమే ఇవ్వాలి. ఎక్కించాక దాత కణాలు కలిసిపోవడం వల్ల మామూలు టైపింగ్ ఫలితాన్ని దాదాపు 3 నెలలు నమ్మలేం. అంత విరామం ఈ పిల్లలకు దొరకదు, అప్పుడిక డీఎన్‌ఏ పరీక్షే దిక్కు.

తలసీమియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన మన దేశంలో ఉంది. ఈ టైపింగ్‌నూ దానికి జతచేయాలి. తల్లిదండ్రులారా, జబ్బు తేలిన రోజునే ఈ పరీక్ష అడగండి. ఫలితాన్నీ, తర్వాత ఎప్పుడైనా యాంటీబాడీ బయటపడితే దాని పేరునూ కార్డు మీద రాయించి, ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు అది చూపించండి.