బండి మెరుపు తీసేది జిగురు కాదు, థిన్నర్

పల్నాడులో అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. మూడుసార్లూ మండుటెండలే. ప్రచారం ఊపులో కార్లకూ ఆటోలకూ అంటించిన పార్టీ గుర్తులు, నాయకుల బొమ్మలు ఆ ఎండకు కాగి కాగి రంగును కరుచుకుపోతాయి. ఎన్నికలయ్యాకో, బండి చేతులు మారాకో వాటిని పీకేయాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లకు పాత షోరూం స్టిక్కరు, పాత యజమాని మోజుపడి పెట్టించుకున్న ఎంబ్లమ్ కూడా అడ్డే. ఇదే పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలోనే ఎండలకు పేరుపడ్డ ఊరు. ఇలాంటి చోట రెండు మూడు వేసవులు చూసిన స్టిక్కరు ఒక్క ముక్కగా ఊడిరావడం అరుదు. పైకాగితం చేతికొస్తుంది, జిగురు బండికే ఉండిపోతుంది. వెంటనే థిన్నర్ డబ్బా కోసమో, బ్లేడు కోసమో చెయ్యి చాస్తారు. నష్టం మొదలయ్యేది అక్కడే. జిగురు మరక ఎంత మొండిదైనా చివరికి పోతుంది. థిన్నర్ పెట్టిన మచ్చను మాత్రం ఏ గుడ్డతోనూ తుడవలేం.

దీనికి కారణం రంగు కట్టుబడిలోనే ఉంది. కంపెనీలో రేకు మీద ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికీ పైన పారదర్శకంగా క్లియర్ కోట్ వేస్తారు. కారు మెరుపంతా ఈ చివరి పొరదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పల్చన. దానిమీద బ్లేడు ఆడిస్తే గీత పడకుండా ఎలా ఉంటుంది? కార్ల అద్దాలకు నల్లఫిల్ము అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నిషేధించాక, ఎంతోమంది ఆ ఫిల్ములు పీకి, మిగిలిన జిగురును బ్లేడుతో గీకేశారు. గాజు గట్టిది కాబట్టి తట్టుకుంది. అద్దం మీద చెల్లిన పద్ధతిని రంగు మీదికి తెస్తే చెల్లదు.

‘ఎన్నేళ్లుగానో థిన్నర్‌తోనే తుడుస్తున్నాం, ఏమీ కాలేదు’ అని షెడ్డుల్లో పెయింటర్లు అంటారు. అందులో కొంత నిజముంది. కంపెనీ రంగును అధిక వేడిలో బేక్ చేస్తారు, అది గట్టిపడి ఉంటుంది. థిన్నర్ అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడిచి వదిలేస్తే తట్టుకోవచ్చు. అయితే మన రోడ్ల మీద తిరిగే పాత బండ్లలో ఎక్కడో ఒకచోట సొట్ట తీసి మళ్లీ రంగు వేయనివి ఎన్ని? అలాంటి చోట ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ వేసి ఉంటే, దాన్ని కరిగించడానికి వాడేదే థిన్నర్. ఎండిన తర్వాత కూడా అది ఆ రంగును కరిగిస్తుంది. డోరుకు ఏ రంగు వేశారో తుడిచే మనిషికి తెలియదు, చాలాసార్లు కొన్నవాడికీ తెలియదు. తెలియని చోట బలమైన మందుతో మొదలుపెట్టడం అనుభవం అనిపించుకోదు. ఇక ప్లాస్టిక్ బంపర్ల మీద, హెడ్‌లైట్ల మీద థిన్నర్ పడితే అవి మసకబారి పగుళ్లు పట్టే ప్రమాదమూ ఉంది.

సున్నపురాయి మెత్తదనాన్ని బట్టి ఉలి దెబ్బను తగ్గించుకునే పల్నాడులోని దుర్గి శిల్పుల ఓర్పు ఇక్కడ కావాలి. ఎంబ్లమ్‌లను ఎక్కువగా రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపుతో నిలబెడతారు. వేడి తగిలితే ఆ టేపు మెత్తబడుతుంది. హెయిర్ డ్రయ్యర్ చాలు, మన వేసవిలో కాసేపు ఎండలో నిలిపినా చాలు. అప్పుడు గాలం దారాన్ని ఎంబ్లమ్ వెనక్కి పోనిచ్చి రంపంలా అటూ ఇటూ లాగితే టేపు మధ్యకు తెగుతుంది. కొన్నిటికి వెనక పిన్నులు ఉంటాయి, దారం ఆగిపోతే బలవంతం చేయకూడదు. ఎంబ్లమ్ వచ్చాక బండిని నీడకు మార్చి, రేకు చల్లారాక మిగిలిన ఫోమ్‌ను బొటనవేలితో ఒకవైపుకే నెడుతూ పోవాలి. అది నల్లటి సన్న వత్తుల్లా చుట్టుకుని రాలుతుంది. విసుగొచ్చే పనే, కానీ సగానికి పైగా జిగురు ఏ మందూ లేకుండా ఇలాగే పోతుంది. మిగిలిన పల్చని పొరకు మెడికల్ షాపులో దొరికే నీలగిరి తైలమో, పెయింట్ షాపులో దొరికే టర్పెంటైనో గుడ్డకు అద్ది, కాసేపు నాననిచ్చి తుడవాలి. అంతకుముందు అదే భాగంలో కనబడని అంచున ఆ మందు అద్దిన తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటినా, రేకు జిగటగా అనిపించినా ఆ మందు పనికిరాదు. చివర్లో షాంపూ నీళ్లతో కడిగేయాలి.

ఇంత తీరిక ఎవరికుంది అన్న ప్రశ్న సహజమే. దినకూలి మీద నడిచే షెడ్డులో గంట అంటే డబ్బే. అయినా మసకబారిన డోరుకు మళ్లీ రంగు వేయించే ఖర్చు ముందు ఆ గంట కూలి ఏపాటిది? పెట్రోలు చేతికి అందుబాటులో ఉంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. దాని ఆవిరి ఎంత చలిలోనైనా చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది, పల్నాడు ఎండలో చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. జిగురంతా పోయినా పాత అక్షరాల నీడ కనబడుతుంటే అది మరక కాదు. స్టిక్కరు కింద రంగు అలాగే నిలిచి, చుట్టూ ఎండకు వెలిసిపోయిందన్నమాట. దాన్ని ఏ ద్రావకమూ తీయలేదు. జిగురే అనుకుని థిన్నర్ పోసి రుద్దేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

స్టిక్కర్లు అంటించే దుకాణాలు వాటిని తీసే పద్ధతి కూడా చెప్పి పంపాలి. పెయింట్ షాపుల్లో థిన్నరూ టర్పెంటైనూ పక్కపక్కనే ఉంటాయి, చాలామందికి రెండూ ఒకటే. కాబట్టి అమ్మేవారు దేనికోసమని ఒక్క మాట అడిగి ఇవ్వాలి. బండి యజమానులు కూడా షెడ్డులో తాళంచెవి అప్పగించి టీకి వెళ్లిపోకుండా, గుడ్డకు ఏం అద్దుతున్నారో దగ్గరుండి చూసుకోవాలి.