లేక్ వ్యూ కొనేముందు మత్తడి ఎటో అడగండి

వాన ముంచుకొచ్చాక చెప్పి లాభం లేదు గనక ఇప్పుడే చెబుతున్నాం. హైదరాబాద్ ఖాజాగూడలో చెరువు పక్కన, కట్ట దిగువన, పాత నాలా దారిలో ఉంటున్నవాళ్లు ఈ వారమే తమ బిల్డింగ్ సెల్లారు ఒకసారి చూసుకోవాలి. కరెంటు ప్యానెల్, జనరేటరు అక్కడే ఉన్నాయా? ఉంటే పైకి మార్పించండి. వరద రాత్రి కారు తీయడానికని మాత్రం ఎవరూ కిందికి దిగొద్దు. కారుకు బీమా ఉంటుంది.

ఇంత తొందర ఎందుకంటే, ఇక్కడి నేల అలాంటిది. ఖాజాగూడలోని ఫక్రుద్దీన్ గుట్ట రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ గట్టి గ్రానైటు నీటిని అంతగా ఇంకనివ్వదు, జార్చేస్తుంది. అందుకే పల్లంలో పెద్ద చెరువు, భగీరథమ్మ చెరువు, తౌతానికుంట. ఒకటి నిండితే మత్తడి దూకిన నీరు కాలువ పట్టుకుని దిగువ చెరువుకు చేరాలి. గొలుసుకట్టు అంటే అదే. కాలువ పూడ్చేసి చెరువును మాత్రం ఉంచితే, దూకిన నీటికి మిగిలేది మన రోడ్డే.

2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు నీళ్లు అలీనగర్‌ను ముంచాయి. మూడు నాలుగు రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. అది పాతబస్తీ వైపు సంగతి, ఐటీ కారిడార్‌లో ఉన్న ఖాజాగూడకేం అనుకునేవాళ్లున్నారు. నీటికి పిన్‌కోడ్ తెలియదు.

చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 31న ఖాజాగూడలోనే భగీరథమ్మ చెరువు, తౌతానికుంట పరిధిలోని దుకాణాలను కూల్చింది. రేకుల దుకాణం కూల్చడం తేలిక. చెరువుల అంచున అనుమతులకు సంతకాలు పెట్టిన చేతులను అడిగేదెవరన్నది ఇంకా మిగిలే ఉంది.

ఫ్లాట్ కొనబోయేవాళ్లకు మరొక మాట. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ కొలత ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండుగా ఉన్నప్పటి నీటి హద్దు నుంచి. ఏప్రిల్‌లో బ్రోకరు చూపించే నీటి అంచు నుంచి కాదు! ఎండాకాలంలో చెరువు కుదించుకుపోయి ఉంటుంది. హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో మీ సర్వే నంబరు వెతకండి. ఆ చెరువుకు వచ్చింది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా కూడా చూడండి. ప్రాథమికమే అయితే హద్దు ఇంకా తేలనట్టే. బ్యాంకు లోను ఇచ్చింది కదా అన్న ధీమా వద్దు. బ్యాంకు వచ్చి మీ సెల్లారులో నీళ్లు తోడదు.

అసోసియేషన్లు ఈ ఆదివారమే మత్తడి దాకా నడిచి వెళ్లి చూడాలి. దాని నోటికి థర్మాకోలు, మట్టి, శిథిలాలు అడ్డుపడి ఉంటే ఫొటో తీసి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. పాత ఊళ్లో ముసలివాళ్లు దొరికితే, ఒకప్పుడు నీళ్లు ఎటు పోయేవో అడగండి. వాళ్ల వేలు చూపించే దారిలో మీ గేటు ఉందేమో చూసుకోండి.