ముప్ఫై సెకన్ల ఇంతిఖాబ్

ముందు నా గునాహ్ ఒప్పుకుంటాను, తర్వాత కొట్లాట.

2025 జూలై 22న ఆజీ ఆస్బోర్న్ ఇంతిఖాల్ అయ్యాడు. బ్లాక్ సబ్బత్ గాయకుడు. మన దగ్గరకు ఖబర్ వచ్చేసరికి అర్ధరాత్రి. అప్పుడు నేను పనిచేస్తున్న డెస్కులో హుకుం జారీ అయింది: "పొద్దునకల్లా బ్లాక్ సబ్బత్ టాప్ టెన్ కావాలి భాయ్." ఆ బ్యాండువి రెండు పాటలు కూడా నేను పూర్తిగా విన్నవాణ్ని కాదు. ఫోన్లో యాప్ తెరిచి ఆజీ పేరు కొట్టాను. ఎక్కువమంది విన్నవి పైనుంచి కిందికి ఎత్తి రాశాను. ఒక్కోదాని పక్కన ఒక "అజరామరం", ఒక "సంచలనం" తగిలించాను. పావుగంటలో పని ఖతం.

పొద్దున మా అబ్బాయి చదివాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మణికొండ మర్రిచెట్టు దగ్గర మా అద్దె ఫ్లాట్‌లో తలుపేసుకుని గిటార్ వాయిస్తుంటాడు. నవ్వలేదు. కోప్పడలేదు. "అబ్బా, 'క్రేజీ ట్రైన్' బ్లాక్ సబ్బత్‌ది కాదు. ఆజీ బయటికొచ్చాక 1980లో సొంతంగా చేసింది. ఘాలిబ్ షేర్‌ని ఎవడైనా దాగ్ పేరున అచ్చేస్తే మీరు ఊరుకుంటారా?" అన్నాడు. వారం రోజులు నాతో సలాంకి జవాబు తప్ప ఇంకో మాట లేదు.

వాడు చెప్పింది హక్. ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ ఒక షేర్ తప్పుగా చదివితే చెవి మెలేసేవారు. తెలుగు డిగ్రీలో పద్యానికి ప్రతిపదార్థం రాయకపోతే మార్కులు పడేవి కావు. అదంతా గడిచొచ్చిన నేను వినని పాటలకు ర్యాంకులిచ్చాను. అందుకే వాడి దగ్గర కూర్చుని నెల రోజులు విన్నాను. 1970 నాటి మొదటి రికార్డు నుంచి వరసగా. విన్నాక చెబుతున్నాను: లెక్క చూసి బెస్ట్ పాటలు తేల్చడం శుద్ధ ఫరేబ్.

'పారనాయిడ్' సంగతి చూడండి. యాప్‌లో వాళ్ల పాటల్లో అన్నిటికంటే పైనుండేది అదే. అది పుట్టిన తీరు తెలుసా? 1970లో రెండో రికార్డు పూర్తి చేస్తుంటే నిడివి తక్కువైంది. ఖాళీ పూడ్చడానికి అప్పటికప్పుడు కట్టిన పాట అది. మూడు నిమిషాలు కూడా ఉండదు. రికార్డుకు వాళ్లు అనుకున్న పేరు 'వార్ పిగ్స్'. కంపెనీ పేరు మార్చింది కానీ అట్ట మార్చలేదు. అందుకే అట్ట మీద కత్తీ డాలూ పట్టుకున్న మనిషి ఇప్పటికీ అట్లాగే ఉన్నాడు. పాట మంచిదే, కాదనను. కానీ దాని పక్కనున్న 'వార్ పిగ్స్' దాదాపు ఎనిమిది నిమిషాలు. వియత్నాం జమానాలో పేదింటి పిల్లల్ని జంగ్‌కి పంపి తాము వెనక దాక్కునే హాకిములను నిలబెట్టి కడిగే పాట. చివర ఆ హాకిములు మోకాళ్ల మీద పడతారు. గజా ఖబర్లు చూస్తూ నిద్రపట్టని మన ఇళ్లలో ఆ పాట అర్థం కాని వాళ్లుంటారా?

యాప్ ముప్ఫై సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్టు రాసుకుంటుంది. ఎనిమిది నిమిషాల పాట ఒకసారి అయ్యేలోపు మూడు నిమిషాల పాట రెండుసార్లు తిరుగుతుంది. ఐదో నిమిషంలో తలుపు తెరిచే పాటను ముప్ఫై సెకన్ల తరాజూతో తూచడం ఏం ఇన్సాఫ్?

మా మేనల్లుడు గచ్చిబౌలిలో డేటా పని చేస్తాడు. మొన్న ఆదివారం బగారా ఖానా, దాల్చా తింటూ నన్ను పట్టుకున్నాడు. "మామూ, లెక్క అంటే అవామ్ ఓటు. కోట్లమంది విన్నది బెస్ట్ కాదు, మీరు చెప్పింది బెస్టా? ఇది నవాబీ కాదా?"

బలమైన సవాలే. నా జవాబు: ఓటు వేసేవాడికి అభ్యర్థులందరూ కనబడాలి. ఇక్కడ యాప్ ఐదు పాటలు పైన పెడుతుంది. కొత్తగా వచ్చినవాడు వాటినే నొక్కుతాడు. నొక్కారు కాబట్టి అవే పైనుంటాయి. అడుగున ఉన్న ఎనభై పాటల గుమ్మం తొక్కినవాడు లేడు. దీన్ని అవామ్ ఓటు అనకు బేటా, రిగ్గింగ్ అను. వాడు దాల్చా గిన్నె నా వైపు జరిపి, "మరి బ్యాండు వాళ్లే ఎంచుకుంటే ఒప్పుకుంటారా?" అన్నాడు.

అక్కడ కాస్త ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే ఎంచుకున్నారు. 2025 జూలై 5న, వాళ్లు పుట్టి పెరిగిన బర్మింగ్‌హామ్‌లో ఆఖరి మెహఫిల్. అసలు నలుగురూ 2005 తర్వాత మళ్లీ ఒకే వేదిక మీద. ఆజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. నాలుగే పాటలు: 'వార్ పిగ్స్', 'ఎన్.ఐ.బి.', 'ఐరన్ మ్యాన్', 'పారనాయిడ్'. నాలుగూ 1970వే. అంటే తర్వాత నలభై ఏళ్లకు పైగా చేసిందంతా కచరానా? కాదు. అది విదాయీ. విదాయీలో వచ్చినవాళ్లందరికీ నోటికొచ్చిన పాటలే పాడతారు.

ఘాలిబ్ కూడా తన దివాన్ తానే ఏరుకున్నాడు. 1841లో అచ్చయింది. పక్కన పడేసిన షేర్లు బోలెడు. 1921లో భోపాల్ నుంచి నుస్ఖా-ఎ-హమీదియా వచ్చాక చూస్తే, ఆయన వద్దన్న వాటిలోనూ జనం కళ్లకద్దుకున్నవి దొరికాయి. షాయర్ మాట గౌరవించాలి, ఆఖరి మాట అనుకోవద్దు. మీర్ విషయంలో 72 నష్తర్లని పెద్దలు ఒక లెక్క చెప్పారు. ఆ 72 ఏవో ఈ రోజుకీ తేలలేదు. నా దృష్టిలో ఆ మాటకున్న అందమే అది. ఆరు దివాన్లూ చదివినవాడే తన 72 చెప్పుకోవాలి, పక్కవాడు కాదనాలి.

నా కసౌటీ వేరు. ఈ పాట లేకపోతే ఈ బ్యాండు ఈ బ్యాండయ్యేదా? టోనీ అయోమీ గిటార్ సంగతే తీసుకోండి. పదిహేడేళ్ల వయసులో, రేకుల కార్ఖానాలో పనికి ఆఖరి రోజున, మెషిన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కే వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. 1971 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి తీగలు వదులు చేసి శ్రుతి మూడు మెట్లు దించాడు. 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్'లో ఆ బరువు ఛాతీ మీద పడుతుంది. ముహర్రంలో మాతం చప్పుడు దగ్గర నుంచి విన్నవాళ్లకు నేనేం చెప్తున్నానో తెలుస్తుంది. లోకంలో మెటల్ వాయించే పిల్లలందరూ ఆ తెగిన వేళ్లకు ఖర్జ్‌దార్లు. ఆ రికార్డు నుంచి ఒక్క పాటా లేని టాప్ టెన్ నాకు చూపించకండి.

ఇక మన పెద్దవాళ్లతో. సంగీతం జాయిజా, నాజాయిజా అన్న బహస్ ఉలేమాలది, నేను అందులో వేలు పెట్టను. కానీ "ఇది షైతానీ" అని వినకుండా ఫత్వా ఇచ్చే మా బడే భాయి లాంటి వాళ్లూ నేను డెస్కులో చేసిన పనే చేస్తున్నారు. బ్యాండు పేరు ఒక భయం సినిమా నుంచి తీసుకున్నది. ఆ పేరుతోనే ఉన్న పాటలో మనిషి నల్లని నీడను చూసి వణికి, దేవుణ్ని సాయం అడుగుతాడు. 'ఆఫ్టర్ ఫరెవర్' రాసిన గీజర్ బట్లర్ కాథలిక్ ఇంట్లో పెరిగాడు. చచ్చాక నీ రూహ్ గతేమిటో ఆలోచించావా, దేవుణ్ని నమ్మడానికి సిగ్గెందుకు అని నిలదీసే పాట అది. 1971ది. ఎవరి టాప్ టెన్‌లోనూ నాకు కనబడలేదు. ఇంకోటి, ఇండోనేషియాలో గారుత్ నుంచి వచ్చిన ముగ్గురు అమ్మాయిలు, వాయిస్ ఆఫ్ బాచెప్రోత్, హిజాబ్ కట్టుకునే మెటల్ వాయిస్తారు. 2024లో గ్లాస్టన్‌బరీ దాకా వెళ్లారు. వాళ్లకు గిటార్ చేతికిచ్చింది బడిలో వాళ్ల ఉస్తాదే.

ఇప్పుడు మా ఇంట్లో లిస్టు ఐదు పాటలది. మా అబ్బాయి నాలుగు రాశాడు, అందులో ఆజీ లేని జమానాది కూడా ఒకటుంది, డియో పాడిన 'హెవెన్ అండ్ హెల్'. దాని మీద నాకు ఏతరాజ్ ఉంది. ఐదోది 'ఆఫ్టర్ ఫరెవర్' అని నా జిద్దు. "మాటలు చూసి ఎంచుతున్నారు అబ్బా, ఆ గిటార్ విన్నారా అసలు?" అంటాడు. ఆదివారం బడే భాయి వస్తున్నారు. ఆ పాట ఆయనకు ఉర్దూలో లైన్ లైనుకీ చెప్తానన్నాను. "చెప్పు, వింటా. ఆవాజ్ మాత్రం తగ్గించి పెట్టు" అన్నారు. తగ్గిస్తే పాట పోతుందని మావాడు అప్పుడే లొల్లి మొదలుపెట్టాడు.