నొప్పించే నాటకానికి నిషేధం మందు కాదు

తపస్సు చేశాడన్న నేరానికి శూద్రుణ్ణి రాముడి చేత చంపించిన వర్ణధర్మాన్ని నిలదీసిన నాటకం త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూకవధ’. 1920 నాటి మాట. సనాతన పండితులకు అది గిట్టలేదు. అయినా ఆ రచయితను తెనాలి వెలివేయలేదు. ఆయన అక్కడే సూతాశ్రమం కట్టుకున్నారు, పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు, కవిరాజుగా నిలిచారు. రామాలయం లేని ఊరు కనిపించని ఈ కృష్ణా డెల్టాకు వందేళ్ళ కిందట ఉన్న ఓర్పు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి లేకపోయింది. ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయని ‘చింతామణి’ నాటక ప్రదర్శనను రాష్ట్రమంతటా నిషేధించింది. ఆ నిర్ణయం తప్పు.

సంఘాల బాధ కల్పితమని మేం అనడం లేదు. ఆ నాటకంలో సుబ్బిశెట్టి వేషం కట్టిన కొందరు ఈలల కోసం సొంత మాటలు చేర్చి, ఒక కులాన్ని బూతులపాలు చేసిన మాట నిజం. కానీ కాళ్ళకూరి నారాయణరావు రాసింది వేశ్యావ్యసనం కాపురాలను ఎలా కూలుస్తుందో చూపే సంస్కరణ నాటకం. వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’ రాసిందీ ఆ చేయే. వేశ్య చింతామణి వాకిట చెడినవాడు శెట్టి ఒక్కడే కాదు, బిల్వమంగళుడూ భవానీశంకరమూ ఉన్నారు. నటుడు చేర్చిన బూతుకు నాటకాన్నే శిక్షించడం, పాలలో నీళ్ళు కలిపారని గేదెను బందెలదొడ్డికి తోలడం లాంటిది. బూతు ఆడిన నాటక సమాజం మీద చర్య తీసుకోండి, ఎవరు వద్దన్నారు? పద్యాన్ని నమ్ముకుని బతికే మిగతా కళాకారుల కూడు తీయడమెందుకు?

శాంతిభద్రతల మాట పాలకులకు పాత అలవాటే. 1876లో బ్రిటిష్ వారు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చిందీ, తెలంగాణ రైతుపోరును చూపిన ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వం అడ్డుకున్నదీ ఈ ధోరణితోనే. మనసు నొచ్చుకోవడమే కొలత అయితే, రేపు ‘కన్యాశుల్కం’ మీద ఒకరు, ‘శంబూకవధ’ మీద మరొకరు అదే అర్జీ పట్టుకుని వస్తారు. ఒకరికి తలూపిన ప్రభుత్వం రెండోవారికి ఏం చెప్పి పంపుతుంది? పుట్టుకను బట్టి మనిషిని తిట్టడం వేరు, మనిషి నమ్మకాన్ని ప్రశ్నించడం వేరు. మొదటిదానికి చట్టం చాలు. రెండోదాని జోలికి ఏ ప్రభుత్వమూ పోకూడదు.

నాటక పరిషత్తులకూ ఇందులో బాధ్యత ఉంది. బహుమతులకు పనికొచ్చే భద్రమైన నాటికలతో సరిపెట్టుకుంటే ప్రేక్షకుడికి ప్రశ్న వినే అలవాటే పోతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె నాటకాభిమానులు ‘శంబూకవధ’ను మళ్ళీ వేదిక ఎక్కించాలి. నచ్చనివారిని తప్పక పిలవాలి, తెర పడ్డాక ముందుగా వారికే మైకు ఇవ్వాలి.